వంటల సైట్‌లో పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది, ఫోటోలే కారణమా?

చాలావరకు అవే. ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 × 3000 పిక్సెళ్లు, సైజు 3 నుంచి 5 ఎంబీ దాకా ఉంటుంది. పేజీలో అది కనిపించే వెడల్పు మహా అయితే 800 పిక్సెళ్లు. ఎడిటర్‌లో మూల పట్టుకుని లాగి చిన్నది చేశాం కదా అనుకుంటారు గానీ, అలా చేస్తే కనిపించే సైజే తగ్గుతుంది, చదివేవాళ్ల ఫోన్‌లోకి మాత్రం ఆ 4 ఎంబీ ఫైలు మొత్తం దిగాల్సిందే, పల్లెలో సిగ్నల్ సరిగ్గా లేని చోట పులిహోర ఎలా చేయాలో చూద్దామని తెరిచినవాళ్లు ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి.

కాబట్టి అప్‌లోడ్ చేయకముందే తగ్గించండి. 1200 × 900 చేస్తే పిక్సెళ్లు పదకొండో వంతుకు పడిపోతాయి, కంటికి తేడా తెలియదు. దీనికి గూగుల్ వాళ్ల స్క్వూష్ (Squoosh) అనే ఫోటోలు తగ్గించే టూల్ ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. అందులోనే వెబ్‌పీ (WebP, వెబ్ కోసం చేసిన ఫోటో ఫార్మాట్) ఎంచుకుని క్వాలిటీ 75 దగ్గర పెట్టి చూడండి, సాధారణంగా మామూలు ఫోటో ఫార్మాట్ జేపెగ్ (JPEG) కన్నా ఇంకా చిన్న ఫైలు వస్తుంది. ఫోటోలకు పీఎన్‌జీ (PNG) ఫార్మాట్ వద్దే వద్దు, అది లోగోలకి, స్క్రీన్‌షాట్లకి.

కింద ఉన్న ఫోటోలకు లేజీ లోడింగ్ (అక్కడిదాకా స్క్రోల్ చేస్తేనే ఫోటో దిగేలా చేసే సెట్టింగ్) పెట్టండి, పైన మొదట కనిపించే ఫోటోకి మాత్రం పెట్టకండి, పెడితే అదే ఆలస్యమవుతుంది. ప్రతి ఫోటో వెడల్పు, ఎత్తు పేజీ కోడ్‌లో రాస్తే దానికి చోటు ముందే ఉంటుంది, చదువుతుండగా అక్షరాలు కిందికి జారిపోవు.

పాత ఫోటోలన్నీ ఒకేసారి మార్చాలని టెన్షన్ పడకండి, ఎక్కువమంది చూసే పది పేజీలతో మొదలుపెట్టండి.