ఏడున్నర లక్షల ఆర్మీ లారీ: అడ్వాన్సు ఇచ్చేముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: మాది తాడేపల్లి దగ్గర పల్లె. వయసు 43. రెండు ట్రాక్టర్లకు నీళ్ల ట్యాంకులు కట్టి అమరావతి పనులకు తోలుతున్నాను. గట్టి వాన పడితే నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడిపోతుంది, ఆ రోజుల కిరాయి పోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన మిలిటరీవాళ్లు వేలంలో తీసేసిన ఫోర్ వీల్ డ్రైవ్ స్టాలియన్ లారీ 7.5 లక్షలకు ఇస్తానంటున్నారు. కాగితాలు తర్వాత చూసుకుందామంటున్నారు. నాకు బ్యాంకులో 12 లక్షల ఎఫ్‌డీ ఉంది. అందులో 3 లక్షలు వచ్చే జూన్‌లో పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకు కావాలి. తగ్గినదానికి మా ఆవిడ నగలు తాకట్టు పెడదామనుకుంటున్నాను. కాంట్రాక్టరు రోజుకు 6,500 చొప్పున నెలకు 20 రోజులు పని ఇస్తానన్నారు. కొనమంటారా?

జవాబు: ఈ ధరకు, ఈ కాగితాలతో వద్దు. బండి చెడ్డదని కాదు. జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో అశోక్ లేలాండ్ లైసెన్సు మీద తయారైన స్టాలియన్ బురదకు, గుంతలకు పుట్టిన బండే. మీ అవసరమూ నిజమే. కానీ మీరు ఇప్పటిదాకా బండి ధర ఒక్కటే చూశారు. దానితో పాటు వచ్చే ఖర్చులు కూడా పక్కన రాస్తే లెక్క మారిపోతుంది.

ముందు కాగితాల సంగతి. సైన్యం బండికి మనలాగా ఆర్‌టీఓ నంబరు ఉండదు. బాణం గుర్తుతో, సైన్యం సొంత రిజిస్ట్రేషన్‌తో తిరుగుతుంది. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వం చేతి నుంచి బయటకు రాగానే మామూలు బండిలాగే కొత్తగా రిజిస్టర్ చేయించాలి. దానికి అసలు ఆధారం వేలం వేసిన అధికారి ఇచ్చిన ఒరిజినల్ ఫారం 21, అంటే అమ్మకపు సర్టిఫికెట్. ఆటోనగర్ ఆయన దగ్గర ఇప్పుడు ఏమున్నాయో చూపించమనండి: ఫారం 21 ఒరిజినలా జిరాక్సా, అది ఎవరి పేరున ఉంది, డెలివరీ ఆర్డరులో ఉన్న చాసిస్, ఇంజను నంబర్లు బండి మీద కొట్టిన నంబర్లతో కలుస్తున్నాయా. చాసిస్ నంబరు మీద మట్టి, పెయింటు గీకేసి, పేపరు పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడి నుంచి వచ్చేయండి.

ఇంకొక మెలిక ఉంది. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. సైన్యం కార్యకలాపాలకు వాడే ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉంది. అయితే వేలంలో కొన్ని లాట్లను గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రాలకే అమ్ముతారు. అలా తుక్కు కింద అమ్మిన బండి చేతులు మారి మీ దాకా వచ్చి ఉంటే దాన్ని రోడ్డెక్కించడం కుదరదు. కాబట్టి వేలం కేటలాగులో ఆ లాటు ఎదురుగా ఏమని రాశారో చూడాలి. బండి తయారైన సంవత్సరం, ఉద్గార ప్రమాణం, మోడల్ పేరు కాగితం మీద రాసుకుని మీ పరిధిలోని రవాణా శాఖ ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను కలవండి. ‘దీనికి సరుకు రవాణా వాహనంగా రిజిస్ట్రేషన్ ఇస్తారా’ అని అర్జీ పెట్టి, రాతపూర్వక జవాబు తీసుకోండి. నోటిమాట మీద 7.5 లక్షలు పెట్టకండి.

రిజిస్ట్రేషన్ లేకుండా పొలాల్లోనే తిప్పుకుందామని ఎవరైనా సలహా ఇస్తారు. ఆ పొలానికి వెళ్లాలన్నా తారు రోడ్డు దాటాలి. రిజిస్ట్రేషన్ లేని బండిని పట్టుకుంటే మొదటిసారి 5 వేల దాకా జరిమానా, బండి స్టేషన్‌లో. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇన్సూరెన్సు లేకపోవడం. ఎవరికైనా తగిలితే ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం మీ ఇల్లు, మీ ఎఫ్‌డీ మీదకే వస్తుంది. ఇంట్లో ఆడపిల్ల చదువు మధ్యలో ఉండగా ఆ ముప్పు తలకెత్తుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక లెక్క. కింది అంకెలు అంచనాలు మాత్రమే. ఆటోనగర్‌లో మూడు షెడ్లలో రేట్లు అడిగి మీ అంకెలతో మార్చుకోండి. బండి 7.50 లక్షలు. తరలింపు, క్రేను, రిజిస్ట్రేషన్ పనులకు 60 వేలు. టైర్లు, బ్యాటరీలకు 1.60 లక్షలు. ఆయిళ్లు, ఫిల్టర్లు, బ్రేకులు, సీళ్ల పనికి 1.20 లక్షలు. నీళ్ల ట్యాంకు, పంపు, రంగు 1.80 లక్షలు. ఇన్సూరెన్సు, పన్ను, ఫిట్‌నెస్ మొదటి ఏడాదికి 80 వేలు. మొత్తం 13.50 లక్షలు. ఫీజు డబ్బు పక్కన పెడితే మీ చేతిలో ఉన్నది 9 లక్షలు. అంటే నగల మీద 4.5 లక్షలు తేవాలి.

ఇన్సూరెన్సు దగ్గర కొంచెం ఆగుదాం. థర్డ్ పార్టీ ప్రీమియం ఆర్‌సీలో రాసే మొత్తం బరువును బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 12 నుంచి 20 టన్నుల మధ్య సరుకు వాహనానికి 35,313 రూపాయలు, జీఎస్టీ అదనం. 7.5 నుంచి 12 టన్నులకైతే 27,186. కొనేముందు అప్పటి పట్టికతో సరిచూసుకోండి. ఫిట్‌నెస్ కూడా ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ప్రతి ఏటా చేయించాలి. పాత భారీ వాహనాలకు ఆ రుసుము ఇప్పుడు వేలల్లో ఉంది, వయసు పెరిగేకొద్దీ పెరుగుతుంది. హరిత పన్ను, మూడు నెలలకోసారి కట్టే పన్ను ఇవి కాక. ట్రాక్టరు లైసెన్సు దీనికి చాలదు, హెవీ లైసెన్సున్న డ్రైవరు కావాలి.

రాబడి వైపు చూద్దాం. రోజుకు 6,500. రోజుకు 60 కిలోమీటర్లు, లీటరుకు 3 చొప్పున 20 లీటర్లు, పంపు ఆడించడానికి 8 లీటర్లు. లీటరు 97 అనుకుంటే 2,716 రూపాయలు. డ్రైవరు, హెల్పరు 1,500. రిపేర్ల నిధికి రోజుకు 800. ఏడాది 80 వేల ఇన్సూరెన్సు, పన్నులను 240 రోజులకు పంచితే 333. మొత్తం 5,349. మిగిలేది 1,151. ఇరవై రోజులకు సుమారు 23 వేలు. 13.5 లక్షలు వెనక్కి రావడానికి దాదాపు అయిదేళ్లు. ఎఫ్‌డీ విరిస్తే 9 లక్షల మీద 6.5 శాతం వడ్డీ నెలకు 4,875 పోతుంది. నగల అప్పు 10 శాతానికి దొరికినా నెలకు 3,750 వడ్డీ. అవి తీస్తే చేతికి అందేది నెలకు 14,400. కాంట్రాక్టరు 20 రోజులు అన్నది 12 రోజులైతే ఇది కూడా ఆవిరైపోతుంది. పని లేని రోజు కూడా డ్రైవరును నిలబెట్టుకోవాలి కదా.

అందుకే లెక్కను వెనక నుంచి వేయండి. పాత బండి మీద పెట్టుబడి మూడేళ్లలో తిరిగి రావాలి. నెలకు 23 వేల చొప్పున 36 నెలలకు 8.28 లక్షలు. చివర్లో బండి తుక్కుకు పోతే, ఖాళీ బరువు 6.5 టన్నులు, కిలో 25 అనుకుంటే 1.62 లక్షలు. కలిపి 9.9 లక్షలు. అందులో బండి కాని ఖర్చు 6 లక్షలు తీసేస్తే బండికి పెట్టగలిగింది 3.9 లక్షలు. అంతకు మించి ఒక్క రూపాయి ఎక్కినా మీ కష్టం అమ్మేవాడి జేబులోకి పోతుంది. వేలంలో నేరుగా కొంటే 18 శాతం జీఎస్టీ కలుపుకోవాలి గనక మీ పాట 3.3 లక్షల దగ్గర ఆగాలి.

ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేలాలు నిర్వహిస్తుంది. ముందు కొనుగోలుదారుగా నమోదై, ఈఎండీ, అంటే ముందస్తు డిపాజిట్టు కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, చూడ్డానికి ఇచ్చిన తేదీల్లో డిపోకు స్వయంగా వెళ్లి చూడాలి, వెంట మేస్త్రీ ఉండాలి. ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా అన్న షరతు మీద అమ్ముతారు. తర్వాత ఫిర్యాదు చెల్లదు. పాట మీదే ఎక్కువైనా ‘ఆమోదానికి లోబడి’ అని పెడతారు. ఆమోదం వచ్చాక గడువులోగా మిగతా డబ్బు కట్టకపోతే ఈఎండీ పోతుంది. గడువులోగా బండి ఎత్తకపోతే గ్రౌండ్ రెంట్, అంటే అక్కడ నిలిపినందుకు అద్దె పడుతుంది. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపి తేకూడదు. ట్రెయిలర్ మీదే తేవాలి. సికింద్రాబాద్ నుంచి విజయవాడకే 275 కిలోమీటర్లు, ఇంకా దూరపు డిపో అయితే 60 వేలు చాలవు.

బండి దగ్గర ఏం చూడాలో మేస్త్రీకి చెప్పి పంపండి. డిపోలో ఏళ్లు నిలబడిన బండికి కిలోమీటర్లు తక్కువగానే ఉంటాయి, అది చూసి మోసపోకూడదు. తిరగని బండి రబ్బరే ముందు చస్తుంది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 1412 అంటే 2012లో పద్నాలుగో వారం. గీతలు నిండుగా ఉన్నా అది బరువు మోసే టైరు కాదు. ముందు వెనక అన్ని టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు, వెనక ఇరుసుల హౌసింగ్‌లు ఒకదాన్నొకటి లాక్కుని, రెండిటికీ ఇంజను బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు తింటాయి. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దని డ్రైవరుకు మొదటి రోజే చెప్పాలి, కారణం అదే.

గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు హౌసింగ్‌ల డ్రెయిన్ బోల్టులు విప్పి నాలుగు చెంచాల ఆయిలు పట్టండి. పాలు కలిపిన టీలా తెల్లబారితే లోపలికి నీళ్లు వెళ్లాయి. బేరింగులు, సీళ్లు మార్చాలి. వేళ్ల మధ్య రుద్దితే ఇనుప రజను తగిలితే లోపలి పళ్ల చక్రాలు, అంటే క్రౌన్ పినియన్ లాంటివి అరిగాయన్నమాట. ముందు హౌసింగ్ చివర చక్రం తిరిగే గోళాల దగ్గర గ్రీజు కారి మట్టి అట్టకట్టి ఉంటే అక్కడి సీళ్లు పోయినట్టే.

ఇంజనును ఒక్కసారిగా సెల్ఫ్ కొట్టకూడదు. ముందు ఆయిలు, కూలెంటు చూసి, రాడ్డుతో చేత్తో రెండు చుట్లు తిప్పాలి, బిగుసుకుపోలేదని తేలాలి. డీజిల్ ట్యాంకు అడుగున నీళ్లు, నల్లటి బంక ఉంటాయి. మొత్తం దించి కడిగి, ఫిల్టరు మార్చి, 50 గంటల తర్వాత మళ్లీ మార్చాలి. పాత బంక వదులవుతూ మొదటి ఫిల్టరును మూసేస్తుంది. కరెంటు 24 వోల్టులు, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా. రెండూ ఒకేసారి, ఒకే రకం కొనాలి. గాలి బ్రేకులకు గేజీ నిండాక ఇంజను ఆపి పది నిమిషాలు ముల్లు చూడండి. అది కళ్లముందు దిగుతుంటే బ్రేకు చాంబర్ల డయాఫ్రమ్‌లు (లోపలి రబ్బరు పొరలు), గొట్టాలు మార్చే ఖర్చు వేసుకోండి. రింగు ఉన్న డిస్కు టైర్లకు ఇనుప పంజరంలో పెట్టే గాలి పట్టించాలి. రింగు ఎగిరి పంక్చరు షాపుల్లో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ట్యాంకు సైజు కూడా డబ్బు విషయమే. స్టాలియన్ రోడ్డు మీద 7.5 టన్నులు, బురదలో 5 టన్నులు మోసే బండి. వెయ్యి లీటర్ల నీళ్లు ఒక టన్ను. ట్యాంకు, పంపు బరువు ఒక టన్ను దాకా పోతే బురదలోకి తీసుకెళ్లగలిగేది 4,000 లీటర్లే. కాంట్రాక్టరు ట్రిప్పును లీటర్ల లెక్కన కొలిచేట్టయితే మీ రోజు కిరాయి అక్కడే తేలుతుంది. ట్యాంకు లోపల అడ్డుపలకలు పెట్టించండి. సగం నిండిన నీళ్లు మలుపులో బండిని పక్కకు లాగేస్తాయి. ట్యాంకు కట్టాకే రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్తే ఆర్‌సీలో ట్యాంకరనే రాస్తారు, రెండోసారి మార్పు ఫీజు తప్పుతుంది. రంగు కూడా అప్పుడే మార్చేయాలి. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఎవరూ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121లో ఉంది.

ఆదాయపు పన్ను గురించి ఒక మాట. 44ఏఈగా తెలిసిన ఊహాజనిత ఆదాయపు లెక్కలో 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000 చొప్పున ఆదాయం ఉన్నట్టే చూస్తారు. 14 టన్నుల బండికి ఏడాదికి 1.68 లక్షలు. బండి షెడ్డులో నిలిచిన నెలకు కూడా అది వర్తిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఫీజు 3 లక్షలను జూన్‌కు ముందే గడువు తీరేలా వేరే ఎఫ్‌డీగా ఈ వారమే విడదీయండి. నగల జోలికి వెళ్లకండి. ఏడాదిలో ఒక్కసారిగా తీర్చాల్సిన తాకట్టు, ఆదాయం ఖాయం కాని బండికి సరిపడే అప్పు కాదు. 3.3 లక్షలకు పాట దొరికినా మొత్తం 9.9 లక్షలు అవుతుంది. మీ ట్రాలీ ట్యాంకుల్లో ఒకటి దించి చాసిస్ మీద ఎక్కిస్తే సుమారు లక్ష తగ్గి 9 లక్షల్లో పడుతుంది. అప్పటికి రిపేర్ల నిధిగా మరో 1.5 లక్షలు చేతిలో లేకపోతే ట్రాక్టర్ల మీద అది కూడబెట్టేదాకా ఆగండి.

ఈ వానాకాలానికి మాత్రం ఇంకో దారి ప్రయత్నించి చూడండి. ట్రాక్టరును తారు రోడ్డు మీదే నిలిపి, ట్రాలీ మీద పంపు పెట్టి, మూడంగుళాల ఫ్లాట్ పైపు 150 నుంచి 200 మీటర్లు పరిచి సైటులోని డ్రమ్ముల్లోకి నీళ్లు కొట్టండి. రైతులు మోటార్లకు వాడే పైపే. లారీ మొత్తం ఖర్చులో ఇది చిన్న భాగం, అమ్మినా డబ్బు వస్తుంది. కాంట్రాక్టరును ‘నెలకు కనీసం ఇన్ని రోజులు, తోలకపోయినా ఇంత’ అని తన లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. ఆ కాగితం, రవాణా శాఖ జవాబు, ఒరిజినల్ ఫారం 21 మూడూ చేతికొచ్చాక ఆటోనగర్ ఆయనతో బేరం 3.9 లక్షల నుంచి కిందికి మొదలుపెట్టండి.