దేశం దాటినా వెంట వచ్చే చలానాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కిందటి వేసవిలో కుటుంబంతో ఇటలీ వెళ్లినప్పుడు రోమ్‌లో కారు అద్దెకు తీసుకుని, ఫ్లోరెన్స్ దాకా నేనే నడిపాను. మూడు నెలల తర్వాత అద్దె కంపెనీ నా క్రెడిట్ కార్డు నుంచి కొంత సొమ్ము తీసుకుంది. జరిమానా అంతటితో తీరిందనుకుంటే, 130 కిలోమీటర్ల పరిమితి ఉన్న రహదారిపై 148తో వెళ్లానంటూ 173 యూరోలకు నిన్న రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. దారిలో ఎవరూ ఆపలేదు, ఫ్లాష్ కూడా వెలగలేదు. ఇన్నాళ్లకు వచ్చిన నోటీసు చెల్లుతుందా? రెండుసార్లు కట్టాలా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీ కార్డు నుంచి మొదట పోయిన సొమ్ము జరిమానా కాదు. కారు నంబరు కెమెరాకు చిక్కగానే పోలీసులు ఆ నంబరు ఎవరి పేరున ఉందో వారిని, అంటే అద్దె కంపెనీని, ఆ రోజు కారు ఎవరి చేతిలో ఉందని అడుగుతారు. మీ పేరూ చిరునామా వారికి రాసి పంపినందుకు కంపెనీ తీసుకునే సేవా రుసుము అది. మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండే ఉంటుంది. అసలు జరిమానా నిన్న వచ్చినదే.

ఆలస్యం విషయానికి వస్తే, ఇటలీలో నివసించేవారికి 90 రోజుల్లోగా, విదేశాల్లో నివసించేవారికి 360 రోజుల్లోగా నోటీసు పంపాలని అక్కడి రహదారి నియమావళి చెబుతుంది. నడిపినవారెవరో పోలీసులకు తెలిసిన నాటి నుంచే ఈ గడువు మొదలవుతుంది కనుక మీ నోటీసు చెల్లుతుంది. ఫ్లాష్ వెలగకపోవడం కూడా వింత కాదు. ఆ దేశపు ఆటోస్ట్రాడాలపై, అంటే ఎక్స్‌ప్రెస్ రహదారులపై, 2005 నుంచి ‘ట్యూటర్’ అనే ఏర్పాటు ఉంది. అది ఒక చోట మీ వేగాన్ని పట్టుకోదు, రోడ్డుపై కెమెరాలు బిగించిన రెండు కమానుల మధ్య దూరాన్ని దాటడానికి పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కిస్తుంది. కెమెరా దగ్గర బ్రేకు వేసి, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కే మన అలవాటు దాని ముందు పనిచేయదు.

నమోదైన వేగంలో అయిదు శాతం మినహాయిస్తారు. మీ 148లో 7.4 పోతే మిగిలేది 140.6, అంటే పరిమితికి పదికి పైగా ఎక్కువ. పది లోపయితే కనీస జరిమానా 42 యూరోలే. పది దాటగానే అది 173. మీరు 147తో వెళ్లి ఉంటే 42తో బయటపడేవారు. ఉత్తరం అందిన అయిదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గి 121 యూరోలు, దానిపై తపాలా ఖర్చులు అవుతాయి. 60 రోజులు దాటితే 347కు పెరుగుతుంది. అభ్యంతరం ఉంటే ఆ 60 రోజుల్లోనే ప్రిఫెక్టుకు, అంటే ఆ ప్రాంతంలోని ప్రభుత్వ ప్రతినిధికి, రాసుకోవచ్చు గానీ, ముందే డబ్బు కట్టేస్తే ఆ హక్కు పోతుంది.

ఐరోపా సమాఖ్య దేశాలు వాహన యజమానుల వివరాలను తమలో తాము పంచుకుంటాయి, ఒకరి జరిమానాను మరొకరు వసూలు చేసిపెడతాయి. భారతదేశం ఆ ఏర్పాటులో లేదు కనుక దీని కోసం నిజామాబాద్‌లో మీ తలుపు తట్టేవారు ఉండరు. అయినా బకాయి అయిదేళ్లు నిలిచే ఉంటుంది. ఇటువంటి వాటిని వసూలు సంస్థలకు అప్పగించడం అక్కడ మామూలే. ఆ అయిదు రోజులు దాటకముందే 121 కట్టేయమని నా సలహా.

ప్రశ్న: అమెరికాలో పుట్టిపెరిగిన మా అక్క కొడుకు సంక్రాంతికి వచ్చి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై నా కారు నడిపాడు. వాడు తిరిగి వెళ్లాక అతివేగానికి చలానా నా పేరున వచ్చింది. విదేశీయుడి తప్పుకు నేనెందుకు కట్టాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కెమెరాకు కనిపించేది నంబరు ప్లేటు, అందులో మీ మేనల్లుడి పౌరసత్వం ఉండదు. నడిపినదెవరో చెప్పవలసిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం యజమానిదే. కార్లకు ఈ తప్పుకు జరిమానా 183వ సెక్షన్ కింద 1,000 నుంచి 2,000 రూపాయలు, స్వదేశీయులకైనా విదేశీయులకైనా అంతే. దానికంటే ముఖ్యంగా చూసుకోవలసింది అతని దగ్గర అమెరికా లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉందా అన్నది. చెల్లే లైసెన్సు లేనివారికి బండి ఇస్తే యజమానికి 180వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగి ఉంటే బీమా కంపెనీ పరిహారం చెల్లించి, ఆ సొమ్మును మీ దగ్గర రాబట్టుకునే వీలుంది.

రాయితీ వచ్చేదాకా ఆగుదామా అని కూడా మీరు ఉత్తరం చివర అడిగారు. 2022 మార్చిలోనూ, 2023 డిసెంబరులోనూ తెలంగాణలో పాత చలానాలకు భారీ తగ్గింపు ఇచ్చారు. కార్లకు మొదటిసారి సగం, రెండోసారి 60 శాతం. ఇటలీ వెంటనే కట్టినవారికి తగ్గిస్తే మనం ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవారికి తగ్గించాం. దీనివల్ల బకాయిలు కొంత వసూలై ఉండవచ్చు గానీ, సకాలంలో కట్టినవారిని తెలివితక్కువవారిని చేసే పద్ధతి ఇది. ఆగవద్దు.

ప్రశ్న: నేను దుబాయిలో డ్రైవరును. బోర్డు మీద వేసిన వేగానికి ఇరవై కిలోమీటర్లు ఎక్కువ పోవచ్చని మా వాళ్లందరూ అంటారు. అబుదాబి ట్రిప్పులో మాత్రం జరిమానా పడింది.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఆ ఇరవై వెసులుబాటు దుబాయిలో ఉంది. అబుదాబి దాన్ని 2018 ఆగస్టులో తీసివేసింది. అక్కడ బోర్డు మీద 140 అంటే 140 అనే అర్థం. పరిమితికి 20 లోపు ఎక్కువైతే 300 దిర్హాములు, 60 దాటితే 2,000 దిర్హాములతో పాటు 12 నల్ల పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. జరిమానా బండి నంబరుపై పడుతుంది, అది తీరనిదే ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) పునరుద్ధరణ కాదు. పాయింట్లు పడేది మాత్రం మీ లైసెన్సుపై. అవి 24కు చేరితే లైసెన్సు నిలిపివేస్తారు. అందువల్ల యజమాని డబ్బు కట్టేశాడని ఊరుకోక, నమోదైన తప్పులో ఆ సమయానికి బండి నడిపింది మీరేనా కాదా అని సరిచూసుకోండి.