పొడిచే బర్రెకు టీకా వేయించాలంటే ఎలా పట్టుకోవాలి? తాడేసి పడేయొచ్చా?

మీరు అడిగింది కుదించి చెప్తే ఇదీ సంగతి. కల్వకుర్తి దగ్గర ఊరు. ఈమధ్యే కొన్న ముర్రా బర్రె, రెండో ఈత. మీ అమ్మను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు. గాలికుంటు టీకా వేయడానికి వచ్చినాయనను తన్నింది, చెవిపోగు (నంబరు బిళ్ల) వేయబోతే తలుగు తెంపుకొని పోయింది. నలుగురు కలిసి తాడేసి పడేద్దామని మీరు, ముకుతాడు వేయిద్దామని మీ బాబాయి. ఏది మంచిదని అడిగారు.

ఇప్పటికి రెండూ వద్దన్నా. మాది దేవరకొండ వైపు. పొడిచేవి, తన్నేవి, తాడు తెంపేవి అన్నీ మా కొట్టంలో కట్టేసినవే. నేను చూసినంతలో సరిగ్గా టీకా రోజే పట్టుకుందామంటే ఏ మొండి బర్రే దొరకదు. పట్టే పని పది పదిహేను రోజుల ముందే మొదలుపెట్టాలి, అదీ తాడుతో కాదు, దాణా బుట్టతో. మీ అమ్మ వస్తే తవుడు, కుడితి వస్తాయి. మిగతావాళ్లు వస్తే తాడు, సూది, అరుపులు వస్తాయి. బర్రె లెక్క బర్రెకు ఉంది, అందులో తప్పేం లేదు.

అయితే దానికంటే ముందు ఒకటి చూసుకోండి. కొన్ననాటి నుంచీ ఇట్లనే ఉందా, లేక మొన్నటిదాకా బాగుండి ఉన్నట్టుండి మారిందా? ఉన్నట్టుండి తన్నడం మొదలుపెడితే చాలావరకు నొప్పే కారణం. పొదుగు ఒక పక్క వేడిగా, గట్టిగా ఉందేమో, మొదటి పాలచుక్కల్లో విరుగుడు లాంటి గడ్డలు పడుతున్నాయేమో చూడండి. అట్లుంటే పొదుగువాపు. చన్నుల మీద పగుళ్లు, గిట్టల మధ్య పుండ్లు, చెవి లోపల పిడుదులు కూడా మీ అమ్మతోనే చూపించండి. నొప్పితో తన్నే బర్రెకు బందం వేస్తే రోగం అట్లనే ఉంటుంది, కోపం ఇంకింత పెరుగుతుంది.

ఇంకోటి భయపెట్టడానికి కాదు గానీ చెప్పక తప్పదు. చొంగ కారుస్తూ, గొంతు మారిపోయి ఊరికే అరుస్తూ, ఎదురుగా ఏది కనిపిస్తే దాన్ని పొడుస్తూ, మేత మింగలేకపోతుంటే అది మొండితనం కాదు, పిచ్చికుక్క కరిచి ఉండొచ్చు. మన ఊర్లలో గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టి చూస్తారు. ఆ పని మాత్రం చేయకండి. కట్టేసి ఉంటే దూరంగా ఉండి డాక్టరును పిలవండి. చొంగ చేతికి తగిలితే సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు మనుషుల దవాఖానకు పోయి సూది వేయించుకోవాలి.

ఇవేవీ లేవనుకుందాం. ఇక చేయాల్సిన పెద్ద పని ఇంటి దగ్గరే ఒక ట్రెవిస్, అంటే పశువు కదలకుండా నిలబెట్టే చట్రం, కట్టుకోవడం. పశువుల దవాఖాన ముందు ఇనుప పైపులతో ఉంటుంది చూడండి, అదే. మీకు అంత హంగు అక్కర్లేదు. నాలుగు గుంజలు, పక్కలకు రెండేసి అడ్డాలు, వెనక ఒక అడ్డం చాలు. పొడవు 6 నుంచి 7 అడుగులు, వెడల్పు 2.5 అడుగులు. వెడల్పు ఇంకో అడుగు పెంచుదామని అనిపిస్తుంది, పెంచితే లోపల తిరగబడుతుంది, అప్పుడు దాన్ని బయటికి తీయడమే ఒక పెద్ద పని. గుంజలు కనీసం 2.5 అడుగుల లోతు పాతండి. మన దగ్గర రాతి కడీలు చవకగా దొరుకుతాయని వాటినే పాతుతుంటారు. కంచెకు అవి బాగుంటాయి గానీ దీనికి పనికిరావు. బర్రె పక్కకు ఒరిగి నెడితే కడీ నడుమకు విరుగుతుంది. ఇనుప పైపు గానీ, బాగా చేవ తేలిన తుమ్మ మొద్దు గానీ వాడండి. కింద మొరం పోసి గట్టిగా దిమ్మిస కొట్టండి. నున్నటి సిమెంటు మీద పేడ పడితే కాలు జారుతుంది, కాలు జారిన పశువు ఇంకోసారి లోపల అడుగు పెట్టదు.

కట్టిన రోజే బర్రెను అందులోకి నెట్టకండి. ముందు గుంజల అవతల, తల బయటికి వచ్చే చోట, గాబు పెట్టి రోజూ దాణా అక్కడే వేయండి. వెనక అడ్డం పెట్టొద్దు. తింటుంది, వెనక్కు వచ్చేస్తుంది. మూడు నాలుగు రోజులకు దానంతట అదే పోయి నిలబడుతుంది. అప్పుడు మీరు పోయి భుజం దగ్గర నిలబడి వీపు గోకండి, ఊరికే మాట్లాడుతూ ఉండండి. ఆ తర్వాత వెనక అడ్డం పెట్టి, తిన్నాక తీసేయండి. సూది పొడిచే చోట, అంటే మెడ పక్కన, రోజూ వేలితో గిచ్చినట్టు ఒత్తండి. టీకా రోజు దానికి కొత్తగా కనిపించేది వచ్చిన మనిషి ఒక్కడే కావాలి. ఎండాకాలమైతే పొద్దున్నే పని ముగించండి. బర్రె ఎండకు ఆగదు, మధ్యాహ్నం దానితో పెట్టుకుంటే మంచి బర్రె కూడా ఎదురు తిరుగుతుంది. ముందు నాలుగు బకెట్ల నీళ్లు పోస్తే సగం చల్లబడుతుంది.

వెనక అడ్డం పెట్టేటప్పుడు పక్కనుంచి తోయాలి. దాని వెనకకు పోయి నిలబడి పెట్టొద్దు. బర్రెకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక మాత్రం కనిపించదు. చప్పుడు లేకుండా అక్కడికి పోతే ఎవరో తెలియక తంతుంది. అట్లాగే అడ్డానికీ బర్రె పక్కకూ మధ్య చెయ్యి దూర్చకండి. అది ఒక్కసారి ఒరిగితే మోచెయ్యి పోతుంది.

తాడు సంగతి. నైలాన్ వద్దు, చేతిని కోస్తుంది, ముడి జారుతుంది. లావుపాటి నూలు తాడు తీసుకోండి. మెడకు ఉచ్చు వేయొద్దు, గుంజుకున్నకొద్దీ బిగిసి ఊపిరాడదు. మెడకు బిగియని ముడి వేసి, అదే తాడు మూతి మీదుగా ఒక చుట్టు తిప్పితే తల మీ చేతిలో ఉంటుంది. దాన్ని లాగి తెచ్చుకోవాలని చూడకండి, ఐదారు క్వింటాళ్ల బర్రెతో గుంజులాటలో ఎవరు గెలుస్తారో తెలిసిందే. తాడును గుంజకు రెండు చుట్లు తిప్పి ఊరికే పట్టుకోండి. బర్రె ముందుకు ఒక అడుగు వేస్తే ఆ వదులు అందుకోండి, వెనక్కు గుంజితే బరువు గుంజ మోస్తుంది. తాడు కొస అరచేతికి చుట్టుకున్నవాళ్ల వేళ్లు తెగిన సంగతులు ఊరికొకటి ఉంటాయి. చివరి ముడి వేసేటప్పుడు కొస మొత్తం దూర్చకుండా మడిచి దూర్చండి, కొస పట్టి ఒక్క గుంజు గుంజితే ఊడొస్తుంది. బర్రె కూలబడితే కొడవలి కోసం ఉరకాల్సిన పని ఉండదు.

ముకుతాడు గురించి మీ బాబాయి చెప్పింది ఎద్దులకు నిజమే, అరకకు బండికి అది కావాలి. పాడి బర్రెకు అదొక్కటే దారేం కాదు. వేయించినా దాన్ని చేత్తో పట్టుకోవడానికే వాడండి. ముకుతాడుతోనే గుంజకు కడితే, బెదిరి ఒక్క ఊపు ఊపినప్పుడు ముక్కు చీలిపోతుంది.

తన్ను విషయానికొస్తే, ఆవైనా బర్రైనా కాలును ముందుకు తెచ్చి పక్కకు విసురుతుంది. ఒంటికి ఆనుకొని నిలబడితే తోపే తగులుతుంది, కాలు అందనంత దూరంలో ఉంటే తప్పించుకోవచ్చు. ఆ నడుమ దూరంలోనే ఎముకలు విరుగుతాయి. పిండేటప్పుడు తన్నే అలవాటుంటే మోకీలుకు కాస్త పైన రెండు వెనక కాళ్లకూ కలిపి 8 అంకె లాగా తాడు వేస్తారు, అది మీ అమ్మకు తెలిసే ఉంటుంది. సూది టైముకు ఇంకో ఉపాయం ఉంది. తోకను మొదట్లో రెండు చేతులతో పట్టి నిటారుగా పైకి ఎత్తితే కాలు లేపదు. మొదట్లోనే పట్టాలి, నడుమ పట్టి మెలిపెడితే తోక విరుగుతుంది. ఎత్తేవాళ్లు పక్కకు నిలబడాలి.

పడేయడం ఎందుకు వద్దన్నానంటే, మీ బర్రె చూడి మీద ఉందో లేదో మీరు రాయలేదు. చూడిదైతే ఈసుకుపోవచ్చు. కాకపోయినా తాడు పొదుగు మీద పడి నలిగితే పాలు పోతాయి. అంగడిలో ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్లను చూసి మనమూ చేయొచ్చనుకుంటాం. వాళ్ల పని చూడముచ్చటగానే ఉంటుంది. కొమ్ముల మొదట్లోంచి తాడు తెచ్చి, ముందుకాళ్ల వెనక ఒక చుట్టు, నడుము దగ్గర ఒక చుట్టు వేసి వెనక్కు సమంగా గుంజితే ఎద్దు మెల్లగా మోకాళ్ల మీద కూర్చుంటుంది, ఒక్క దెబ్బ కూడా ఉండదు. కానీ వాళ్లకు అది దినదినం పని. కడుపు నిండా మేసిన పశువును పడేసి పక్క మీద అట్లనే ఉంచితే కడుపు ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పడేసినా పని కాగానే బోర్ల కూర్చోబెడతారు. టీకాకు ఇంత కథ అక్కర్లేదు.

చివరగా, మనుషుల సంగతి. నలుగురు వద్దు, ఇద్దరు చాలు, అందులో ఒకరు మీ అమ్మ. కుక్కను కట్టేయండి, పిల్లలను లోపలికి పంపండి, కేకలు వేసే పెద్దమనుషులను చాయకు పంపండి. దూడను కనిపించే చోటే కట్టండి, కానీ దూడకూ బర్రెకూ మధ్యలో ఎవరూ నిలబడొద్దు. మీరు నిలబడే పక్క గోడ ఉండకూడదు, ఉరకడానికి దారి ఉండాలి. ఒకవేళ మీ ఇంట్లో ఆంబోతు గానీ వయసుకొచ్చిన దున్న గానీ ఉంటే ఇదంతా దానికి చాలదు. తల దించి పక్కకు తిరిగి ఒళ్లు చూపిస్తూ కాలితో మట్టి ఎగజిమ్మితే వీపు చూపకుండా మెల్లగా వెనక్కు రండి.

టీకా ఆర్నెల్లకోసారి వస్తుంది, ఈసారి తప్పినా ట్రెవిస్ సిద్ధమయ్యాక వేయించుకోవచ్చు. మీ ఊరి గోపాలమిత్రకు (పశువులకు ఎద సూదులు వేసే ఆయనకు) చెప్పినా, పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసినా, బర్రె పొడుస్తుందని, ఒకాయనను తన్నిందని ముందే చెప్పండి.