అబొరిజినల్ పిల్లలకు విడిగా కమిషనర్ ఎందుకు?

"విక్టోరియాలో పిల్లలందరికీ కమిషన్ ఉండగా, అబొరిజినల్ పిల్లలకు మళ్లీ విడిగా ఒక కమిషనర్ ఎందుకు?" అని ఒకరు అడిగారు. విక్టోరియా ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం, మెల్‌బోర్న్ దాని రాజధాని. అబొరిజినల్ అంటే అక్కడి మూలవాసులు. మెల్‌బోర్న్ వచ్చిన కొత్తల్లో నాకూ అదే అనుమానం ఉండేది.

నేనూ మా ఆయనా కొన్నాళ్లు రెస్పైట్ కేర్ చేశాం. ఫాస్టర్ కేర్‌లో, అంటే కన్నవాళ్ల దగ్గర కాకుండా వేరే కుటుంబాల్లో ఉన్న పిల్లల్ని నెలకో వీకెండ్ మన ఇంట్లో ఉంచుకోవడమన్నమాట. అలా ఏడేళ్ల అబొరిజినల్ బాబు వచ్చేవాడు. నెయ్యి దోసె అంటే ప్రాణం. జులైలో మూలవాసుల సంస్కృతి వేడుకలైన నైడాక్ వారోత్సవాలకి తీసుకెళ్తే, ఒక పెద్దావిడ వాడి ముందు వంగి "మీ మాబ్ ఎవరు నాన్నా?" అంది. మన ఊళ్లలో "ఎవరబ్బాయివిరా?" అంటారే, అచ్చం అదే. మాబ్ అంటే వాళ్ల జనం. వాడు నా మొహంలోకి చూశాడు. నాకూ తెలియదు.

ఇంటికొచ్చి ఫైల్ తీశాను. టీకాలు, అలర్జీలు, స్కూలు, అన్నీ రాసి ఉన్నాయి. వాడి జనం గురించి రాయాల్సిన పేజీ మాత్రం ఖాళీ. వాడికి అక్క ఉందని కూడా వాడు చెబితేనే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ కమిషనర్ పని సరిగ్గా ఆ ఖాళీ పేజీ గురించి అడగడమే. ఆస్ట్రేలియాలో ఇలాంటి మొదటి పదవి 2013లో విక్టోరియాలోనే వచ్చింది. మొదటి కమిషనర్ ఆండ్రూ జాకమోస్, యోర్తా యోర్తా, గుండిచ్‌మారా జనాలకు చెందినవారు. 2014 నుంచి రెండేళ్లు 'టాస్క్‌ఫోర్స్ 1000' పేరుతో, కన్నవాళ్లకు దూరంగా ఉన్న దాదాపు 980 మంది పిల్లల ఫైళ్లను ఒక్కొక్కటిగా చూశారు. 60 శాతానికి పైగా పిల్లలు అబొరిజినల్ కాని వాళ్ల ఇళ్లలో పెరుగుతున్నారని, తోబుట్టువులున్న వాళ్లలో 40 శాతానికి పైగా వాళ్లకు దూరమయ్యారని తేలింది. ఒకప్పుడు ప్రభుత్వమే తల్లుల ఒళ్లోంచి పిల్లల్ని లాక్కెళ్లిన దేశం ఇది. 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు కూడా. అందుకే వాళ్ల పిల్లల గురించి వాళ్లలోంచి ఒకరు, ఈ పిల్లల్ని చూసే ప్రభుత్వ శాఖ కింద పనిచేయని మనిషి అడగాలి. 2022లో ఈ పదవిలోకి వచ్చిన మీనా సింగ్ యోర్తా యోర్తా మహిళ, భారతీయ మూలాలూ ఉన్నాయి.

ఒకటి గుర్తుంచుకోండి. ఏ పిల్లవాడు ఎక్కడ ఉండాలన్నది కమిషనర్ తేల్చరు. అది పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం (చైల్డ్ ప్రొటెక్షన్), కోర్టు చూసుకుంటాయి. మేమూ ముందు బాబు కేసు చూసే కేస్ వర్కర్‌కే రాశాం. అబొరిజినల్ పిల్లలకు కల్చరల్ ప్లాన్, అంటే వాళ్ల జనంతో, సంస్కృతితో కలిపి ఉంచే ప్రణాళిక, ఉండాలని చట్టంలో ఉంది, ఆ మాటే పట్టుకుని మళ్లీ మళ్లీ అడిగాం. ఆ ఖాళీ పేజీ నిండటానికి ఐదు నెలలు పట్టింది.

తర్వాత వచ్చిన వీకెండ్ వాడే కాగితం మీద తన మాబ్ పేరు, కింద అక్క పేరు రాసి మా ఫ్రిజ్‌కి అంటించాడు.