వీఆర్ బాక్స్‌లో ఫోన్ పెట్టి ఆడితే వాంతులు.. కళ్లకు ప్రమాదమా?

సమస్య: మా అబ్బాయికి 13 ఏళ్లు. రెండు కళ్లకూ మైనస్ 1.5 పవర్ అద్దాలు వాడుతున్నాడు. సెలవుల్లో అబిడ్స్‌లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) బాక్స్, అంటే కళ్లకు తగిలించుకుని చూసే పెట్టె కొనుక్కుని, అందులో ఫోన్ పెట్టి వీడియోలు చూస్తున్నాడు. కంప్యూటర్‌లోని కార్ రేసింగ్ ఆటను వైఫై ద్వారా ఫోన్‌కు పంపుకొని, కళ్లజోడు తీసేసి గంటల తరబడి ఆడుతున్నాడు. ఆ తర్వాత తలనొప్పి, వికారం వస్తున్నాయి. ఒకట్రెండు సార్లు వాంతి కూడా అయింది. ‘అలవాటైతే పోతుంది’ అంటున్నాడు. దీనివల్ల పవర్ పెరుగుతుందా? వాంతుల మాత్ర వేయొచ్చా? ఆరేళ్ల మా పాప కూడా అది కావాలని మారాం చేస్తోంది.
- ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

సలహా: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, మీ అబ్బాయిని ఇబ్బంది పెడుతున్నది కంటి జబ్బు కాకపోవచ్చు. మన లోపలి చెవిలో తల కదలికలను పసిగట్టే భాగాలు ఉంటాయి. కారు మలుపు తిరుగుతోందని, వేగం అందుకుంటోందని కళ్లు చెబుతుంటే, మనిషి కుర్చీలోంచి కదలనే లేదని ఆ భాగాలు మెదడుకు చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగనప్పుడే వికారం, చెమట, తల తిరగడం మొదలవుతాయి. శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సులో ఫోన్ చూస్తూ కూర్చున్నవారికి కడుపులో తిప్పడానికి కారణం కూడా ఇదే, కాకపోతే అక్కడ కదిలేది శరీరం, ఇక్కడ కదిలేది బొమ్మ.

ఫోన్‌తో పనిచేసే వీఆర్‌లో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఫోన్‌లోని సెన్సర్లు తల అటూ ఇటూ తిరగడాన్ని గుర్తిస్తాయి గానీ, తల ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరగడాన్ని గుర్తించలేవు. తల తిప్పిన తర్వాత బొమ్మ మారడానికి పట్టే సమయం సుమారు 20 మిల్లీసెకన్లు దాటకూడదన్నది ఈ రంగంలో పాటించే ప్రమాణం. కంప్యూటర్‌లో తయారైన దృశ్యం వైఫై మీదుగా ఫోన్‌కు చేరేసరికి ఆలస్యం అంతకు మించిపోవడం మామూలే. ఫోన్ వేడెక్కేకొద్దీ దాని వేగం తగ్గి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది కాబట్టి, మొదటి పది నిమిషాలు బాగానే ఉన్న పిల్లవాడికి ఆ తర్వాత ఒక్కసారిగా వికారం రావచ్చు. ఛార్జర్ తగిలించి ఆడితే వేడి ఇంకా పెరుగుతుంది, అలా ఆడనివ్వకండి.

తలనొప్పికి మాత్రం కళ్లజోడు తీసేయడం కూడా కారణం కావచ్చు. ఫోన్ కంటికి దగ్గరగానే ఉన్నా, మధ్యలోని కటకాల వల్ల బొమ్మ దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. అందువల్ల మైనస్ పవర్ ఉన్నవారికి అద్దాలు లేకపోతే అది మసకగా ఉంటుంది. కొన్ని బాక్సుల్లో కటకాలను ముందుకూ వెనక్కూ జరిపి దీన్ని సరిచేసుకోవచ్చు. సిలిండర్ పవర్ (కంటి వంపులోని తేడాను సరిచేసే పవర్) ఉంటే అది కూడా ఉపయోగపడదు కాబట్టి, కళ్లజోడు పట్టేటంత వెడల్పు లేని బాక్సును వాడకపోవడమే మంచిది. కనుపాపల మధ్య దూరం పెద్దల్లో సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది, పిల్లల్లో అంతకంటే తక్కువ. కటకాల మధ్య దూరం దీనికి సరిపోకపోయినా, ఫోన్ ఒక పక్కకు ఒరిగినా, ఒక్కో కంటికి వేరుగా కనిపించే రెండు బొమ్మలను ఒకటిగా కలపడానికి కంటి కండరాలు అదే పనిగా శ్రమిస్తాయి. దీన్ని మీరే చూడవచ్చు. తెర మధ్యలోని గీత బాక్సు నడిమి గుర్తుకు ఎదురుగా ఉందో లేదో గమనించి, ఒక్కో కన్నూ మూయించి అక్షరాల అంచులు స్పష్టంగా ఉన్నాయేమో అడగండి. ఆ తర్వాత రెండు కళ్లతో చూసినప్పుడు అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయంటే ఆట అక్కడితో ఆపించాలి.

‘అలవాటైతే పోతుంది’ అన్న మాటలో కొంత నిజం ఉంది. వికారం మొదలు కాకముందే ఆపేస్తూ, కొద్దికొద్దిసేపు ఆడేవారికి క్రమంగా అలవాటు పడుతుంది. వాంతి వచ్చేదాకా ఓర్చుకుని ఆడేవారిలో మాత్రం ఇబ్బంది ముదురుతుంది, కొందరికి ఆ బాక్సును చూడగానే కడుపులో తిప్పడం మొదలవుతుంది. కాబట్టి ముందు ఒక వారం పూర్తిగా ఆపించండి. తర్వాత కావాలంటే కూర్చుని చూసే వీడియోలను పది పదిహేను నిమిషాలకు మించకుండా చూడనివ్వండి. రేసింగ్ ఆటను మాత్రం మామూలు తెర మీదే ఆడుకోమనండి, ఈ విషయంలో నేను మినహాయింపు ఇవ్వను. తల తిరుగుతున్నంతసేపూ సైకిల్ తొక్కనివ్వకండి, మెట్లు దిగేటప్పుడు తోడుండండి.

వీఆర్ వల్లే పవర్ పెరుగుతుందని ఇప్పటివరకు రుజువు కాలేదు. అయితే ఈ వయసులో మైనస్ పవర్ ఎలాగూ పెరుగుతూ ఉంటుంది. ఆరుబయట పగటి వెలుతురులో గడిపే సమయం తగ్గడం, దగ్గరి పని ఎక్కువ కావడం అందుకు తోడవుతాయి. నాకున్న అసలు ఆందోళన కూడా అదే. సెలవు రోజంతా గదిలో గడిచిపోతే, రోజుకు కనీసం రెండు గంటలైనా బయట ఆడుకోవాలన్న సలహాకు చోటే ఉండదు. మన ఎండలకు భయపడితే ఉదయం, సాయంత్రం పంపండి.

వాంతుల మాత్ర మీరుగా వేయవద్దు. మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ వంటి మందుల వల్ల ఈ వయసు పిల్లల్లో కొందరికి మెడ ఒక పక్కకు బిగుసుకుపోవడం, కనుగుడ్లు పైకి తిరగడం జరుగుతుంది. బాక్సు తీసేసి, గాలి తగిలేచోట కూర్చోబెట్టి, దూరంగా కదలకుండా ఉన్న వస్తువును చూడమని, కొద్దికొద్దిగా నీళ్లు పట్టిస్తే సాధారణంగా తేరుకుంటాడు. ఆట లేని రోజున కూడా తలనొప్పి వస్తున్నా, తెల్లవారుజామున తలనొప్పితో లేచి వాంతి చేసుకుంటున్నా, రెండుగా కనిపించడం తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి. గతంలో ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే, మెరుపుల్లాంటి వెలుగులుండే ఈ ఆటలు అసలే వద్దు.

ఈలోగా కళ్లలో చుక్కలు వేసి పవర్ చూడటంతో పాటు, రెండు కళ్లూ కలిసి పనిచేసే తీరును, దాగి ఉన్న మెల్లకన్నును కూడా పరీక్షించమని అడగండి. మెహదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో గానీ, మీకు దగ్గర్లోని కంటి వైద్యుల వద్ద గానీ చేయించవచ్చు. కళ్లజోడుతో పాటు ఆ బాక్సును కూడా తీసుకెళ్లండి.

ఇక పాపకు ఆ బాక్సు ఇవ్వకండి. ఆరేళ్ల వయసులో రెండు కళ్ల చూపు సమన్వయం ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, బాక్సు కటకాలు ఆమె కళ్లకు సరిపడవు. శాంసంగ్ గేర్ వీఆర్ వంటి వాటికి తయారీదారులే 13 ఏళ్ల లోపు పిల్లలు వాడరాదని నిబంధన పెట్టారు. అన్నకు మైనస్ పవర్ ఉంది కాబట్టి పాపకూ వచ్చే అవకాశం ఎక్కువ. ఆ వయసు పిల్లలు మసకగా ఉందని తమంతట తాముగా చెప్పరు కనుక, అబ్బాయితో పాటు అదే రోజు పాప కళ్లను కూడా పరీక్ష చేయించండి.