ఇరవై ఒక్క ఏళ్ళు ఆగిన పాట

తమ్ముడూ,

రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివా. రాయడం వచ్చు నీకు, చెవి కూడా ఉంది, అందులో డౌటే లేదు. కానీ మూడో పేరాలో వాళ్ళ 1997 ఆల్బమ్ పట్టుకుని "ఓకే కంప్యూటర్ తర్వాత వీళ్ళ పని అయిపోయింది" అని ఒక్క లైన్‌లో తేల్చేశావు చూడు, అక్కడ నాకు మనసొప్పలేదు, అందుకే ఇంత పెద్ద లెటర్ రాస్తున్నా.

దాని తర్వాతి ఆల్బమ్ కిడ్ ఏ మొదటిసారి విన్నప్పుడు నేనూ అదే అనుకున్నా. గిటార్లు ఏవి, అంత మంచి గొంతుని మెషీన్లో వేసి ఎందుకు నలిపేశారు అని కోపం వచ్చింది, పక్కన పడేశా. పాత ఆల్బమ్‌ని బుర్రలో పెట్టుకుని కొత్తది వింటే ఇంకేం వినపడుతుంది చెప్పు.

అసలేం జరిగిందో చూడు. 1985 లో ఒకే స్కూల్లో చదివే ఐదుగురు కుర్రాళ్ళు మొదలెట్టిన బ్యాండ్ అది, ఇప్పటికీ ఆ ఐదుగురే. మనుషులు మారలేదు, మరి సౌండ్ ఎందుకు మారింది? 1997 ఆల్బమ్ తర్వాత నెలల తరబడి టూర్లు, అవి అయ్యేసరికి పాటలు రాసి పాడే థామ్ యార్క్‌కి పాట రాయడమే ఆగిపోయింది. గిటార్ ముట్టుకున్నా ఏమీ రావట్లేదు, అందుకే 1999 లో కిడ్ ఏ కోసం స్టూడియోకెళ్ళి కీబోర్డులు, డ్రమ్ మెషీన్లు ముందేసుకున్నారు. ఇక్కడ ఆగి ఆలోచించు, గిటార్ వాయించేవాళ్ళు ముగ్గురున్న బ్యాండ్‌లో గిటారే లేని పాట వస్తే మిగతావాళ్ళు ఆ రోజంతా ఏం చేయాలి? ఆ ప్రశ్న దగ్గరే విడిపోయే బ్యాండ్లుంటాయి. గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ ఏమో 1928 నాటి ఆన్‌డ్ మార్టెనో అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం పట్టుకున్నాడు. నీ వ్యాసంలో ఇదంతా ఎక్కడుంది? "గిటార్ వదిలేశారు" అన్న రెండు ముక్కలే ఉన్నాయి.

ఇప్పుడొక పని చెయ్. ట్రూ లవ్ వెయిట్స్ అనే పాటొకటి ఉంది, 1995 లోనే స్టేజీ మీద పాడారు, 2001 లో లైవ్ రికార్డింగ్‌గా వచ్చింది, స్టూడియో ఆల్బమ్‌లోకి మాత్రం 2016 లో వచ్చింది. రెండూ వరసగా విను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. లైవ్‌లో అకౌస్టిక్ గిటార్ ఒకటే, చెయ్యి గట్టిగా పడుతుంటుంది, గొంతు పైకి లేస్తుంది, వదిలి వెళ్ళొద్దు అని బతిమాలే కుర్రాడు ఎదురుగా కనిపిస్తాడు. 2016 లో గిటార్ లేదు, పియానో సుళ్ళు ఒకదాని మీద ఒకటి పడుతూ కొంచెం కొంచెం తప్పుకుంటూ ఉంటాయి, పాట బాగా నెమ్మదించింది, బతిమాలడం అదే కానీ వినాల్సిన మనిషి ఎప్పుడో వెళ్ళిపోయినట్టు ఉంటుంది. మాటలు దాదాపు అవే! న్యూడ్ కూడా అంతే, 1998 లో స్టేజీ మీదున్న పాట 2007 లో రికార్డుకెక్కింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక బ్యాండ్‌లో ఏం మారుతుందో రాయాలంటే ఇలా ఒక్క పాట పట్టుకుని దాని వెంట నడువు, పది ఆల్బమ్‌లకి మార్కులేసే పని పెట్టుకోకు. వాళ్ళ ఇంటి విషయాలు తవ్వి పాటకి అతికించొద్దు కూడా, చెవికి వినపడేదే బోలెడుంది.

ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ మధ్య గ్యాప్ కూడా చూడు. మెటాలికా అనే హెవీ మెటల్ బ్యాండ్ 1983 నుంచి 1988 లోపు నాలుగు ఆల్బమ్‌లు చేసింది, అదే బ్యాండ్‌కి 2008 ఆల్బమ్ తర్వాతది 2016 లో, ఆ తర్వాతది 2023 లో. చాలామంది దీన్ని బద్ధకం అంటారు, నేనొప్పుకోను. అప్పటికే అన్ని పాటలు చేసినవాడికి కొత్త రిఫ్, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క, తట్టగానే ఇది మనం చేసేసిందేగా అని అనుమానం వస్తుంది, ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఆ బాధ లేదు.

అలాగని మారిందల్లా గొప్ప అనొద్దు. రేడియోహెడ్‌దే 2011 నాటి ఆల్బమ్ కింగ్ ఆఫ్ లింబ్స్ నాకు ఇప్పటికీ ఎక్కలేదు, ఎనిమిది పాటలే, మొదటి సగం లూపులు, అంటే అవే చిన్న ముక్కలు, తిరుగుతూనే ఉంటాయి తప్ప ఎక్కడికీ పోవు. నచ్చకపోతే నచ్చలేదనే రాయి, కానీ ఏ పాటలో ఏ చోట నచ్చలేదో చెప్పు.

మిగతా వ్యాసం ముట్టుకోకు, బాగుంది. ఆ మూడో పేరా ఒక్కటి తీసేసి, ఆ రెండు రికార్డింగులూ విన్నాక మళ్ళీ రాసి పంపు, తొందరేం లేదు, నెల పట్టినా పర్లేదు.

ఉంటాను,
అన్న