రోగం రాకముందూ, వచ్చిన తరువాతా ఆపవలసినవి

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాలను చదువుతుంటే, రోగ నివారణ అంటే రోగం రాకముందు చేసే పని మాత్రమేనని, వచ్చిన తరువాత ఇక మందులు మింగడం తప్ప చేయగలిగింది లేదని చాలామంది నమ్ముతున్నట్లు తెలిసింది. కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ బోధించే దానిగా ఈ నమ్మకం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. అందుచేత ఈ విషయాన్ని తాకిన నాలుగు ఉత్తరాలను ఎంచుకుని జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను కర్నూలులో జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం చదివినప్పటి నుంచి ఒక సందేహం వేధిస్తోంది. మా నాన్నగారికి బి.పి. 160/100 ఉంది. కానీ ఆయన పొలం పనులన్నీ చేసుకుంటారు, మాత్రలు వేసుకోమంటే "నాకేం జబ్బుంది?" అంటారు. ఆయనను ఆరోగ్యవంతుడు అనాలా, రోగి అనాలా? ఆ నిర్వచనం ప్రకారం అసలు ఆరోగ్యవంతులు ఎవరైనా ఉంటారా?

జవాబు: మీరు చెప్పిన నిర్వచనం 1948 ఏప్రిల్ 7న అమలులోకి వచ్చిన ఆ సంస్థ రాజ్యాంగంలోనిది. రోగమో, దుర్బలత్వమో లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదని, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా పూర్తి క్షేమంతో ఉండడమే ఆరోగ్యమని అది చెబుతుంది. "పూర్తి" అన్న షరతు వల్ల దాదాపు ఎవరూ అందులో ఇమడరన్న అభ్యంతరాన్ని పండితులు చాలాకాలంగా లేవనెత్తుతున్నారు కనుక, మీ సందేహం సరైనదే. అయినా నర్సుకు ఆ నిర్వచనం వల్ల పెద్ద ఉపయోగం ఉందని నా అభిప్రాయం. మంచం మీద ఉన్న మనిషి గాయం మానుతోందా అని చూసి ఊరుకోకుండా, రాత్రి నిద్ర పట్టిందా, ఇంటి దగ్గర ఎద్దులను ఎవరు చూస్తున్నారు, చెనక్కాయ పంటకు తెచ్చిన అప్పు గురించి దిగులు పడుతున్నారా అని కూడా అడగవలసిన బాధ్యతను అది మన మీద పెడుతుంది.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆరోగ్యవంతులు ఒక వైపు, రోగులు మరొక వైపు అని మనుషులను రెండుగా విడదీయడం నర్సింగ్‌లో పనికిరాదు. 1972లో జాన్ ట్రావిస్ అనే అమెరికా వైద్యుడు ఆరోగ్యాన్ని ఒక పొడవైన గీతగా చూపించారు. దాని ఒక చివర అకాల మరణం, మరొక చివర ఉన్నత స్థాయి క్షేమం, నడుమ ఏ లక్షణమూ లేని స్థితి ఉంటాయి. మనిషి జీవితమంతా ఆ గీత మీద అటూ ఇటూ కదులుతూనే ఉంటాడు. మందులు మామూలుగా నడిమి దాకా తెచ్చి వదిలిపెడతాయి, అక్కడి నుంచి ముందుకు నడిపించేవి అలవాట్లు, చదువు, కుటుంబం, పరిసరాలు.

దీనికి తోడు, పరికరాలతో కొలిచి చూపగలిగే వ్యాధి వేరు, మనిషి తనలో తాను అనుభవించే అనారోగ్యం వేరు. మీ నాన్నగారిలో మొదటిది ఉంది, రెండవది లేదు. రక్తపోటు ఏళ్ల తరబడి నొప్పి తెలియనీయకుండానే గుండెను, మూత్రపిండాలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీయగలదు కనుక ఆయన ధీమాయే ఆయనకు ప్రమాదం. దీనికి తలకిందులైన పరిస్థితి కూడా వార్డులో మీకు ఎదురవుతుంది. ఒళ్లంతా నొప్పులని, నీరసమని వచ్చిన ఆడమనిషికి పరీక్షలన్నీ మామూలుగా వస్తే "నీకేమీ లేదు, ఇంటికి పో" అని పంపించేస్తారు. రిపోర్టులో ఏమీ లేకపోయినా ఆమె బాధ నిజమైనదే, దానిని కూర్చుని వినడం నర్సు పనిలో భాగమే.

మీ నాన్నగారితో వాదించవద్దు. ఉచితంగా క్షయ పరీక్ష చేస్తామన్నా జనం ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి 1950ల్లో అమెరికా ప్రజారోగ్య విభాగంలోని మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన కృషి నుంచి ఒక ఆలోచన పుట్టింది, దానిని మీరు ఆరోగ్య విశ్వాస నమూనా పేరుతో చదువుతారు. ఆ జబ్బు తనకూ రావచ్చునని, వస్తే తీవ్రంగా ఉంటుందని, చెప్పిన పని చేస్తే మేలు జరుగుతుందని నమ్మి, దారిలోని ఇబ్బందులు తన శక్తికి మించినవి కావనుకున్నప్పుడే మనిషి కదులుతాడని దాని సారాంశం. కాబట్టి మాత్రలంటే ఆయనకు ఉన్న అడ్డంకి ఏమిటో ముందు అడగండి. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలన్న భయమా, ఖర్చా, లేక తమ్ముడో బావో మాత్రలు వేసుకుంటూనే పక్షవాతం తెచ్చుకున్నాడన్న అనుమానమా అన్నది తెలియకుండా ఇచ్చే ఉపన్యాసం వృథా అవుతుంది. కొలత కూడా సరిగ్గా తీయండి. బీడీ, టీ తాగి అరగంట గడవాలి, మూత్రానికి వెళ్లి రావాలి, వీపుకు ఆనుకుని ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, చేయి గుండె ఎత్తున ఏదైనా ఆసరా మీద ఉండాలి. ఒక్క రోజు కొలతతో నిర్ణయానికి రాకుండా వేరే రోజున మళ్లీ చూసి డాక్టరుకు చూపించండి. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా ఉండాలి. మన ఇళ్లలో ఊరగాయ, ఊరిబిండి, ఊరమిరపకాయలు మూడూ ఒకే పూట కంచంలోకి వస్తాయి కనుక ఆ లెక్క వంటింట్లోనే మొదలుపెట్టాలి.

ప్రశ్న: మాది తాడిపత్రి. మా ఆయన గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నారు. దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాం. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని, ఇది నయం కాదని డాక్టరు గారు చెప్పారు. యూనిట్‌లో గుడ్డ మాస్కులు ఇస్తారు. జబ్బు వచ్చేశాక ఇక జాగ్రత్తలతో ఏం లాభం మేడమ్?

జవాబు: లాభం ఉందమ్మా, అందుకే ఈ ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను. లీవెల్, క్లార్క్ అనే ఇద్దరు వైద్యులు నివారణను మూడు మెట్లుగా వివరించారు. రోగం రాకుండా చూడడం మొదటిది, వచ్చిన దానిని తొందరగా పట్టుకుని ముదరకుండా ఆపడం రెండవది, మిగిలిన నష్టంతోనే మనిషి వీలైనంత బాగా బతికేలా చూడడం మూడవది. మొదటి మెట్టు మీ ఆయన విషయంలో దాటిపోయింది. తక్కిన రెండూ మీ చేతిలోనే ఉన్నాయి.

గ్రానైట్‌లో సిలికా అనే ఖనిజం ఎక్కువ. రాయిని కోసినప్పుడు కంటికి కనిపించే దుమ్ములో చాలా భాగం ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కంటికి కనిపించని సన్నని రేణువులే ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా దిగి అక్కడ మచ్చలు కట్టిస్తాయి. ఆ మచ్చలు మానవు, పని మానేసిన తరువాత కూడా జబ్బు ముదిరే వీలుంది. అయినా రేణువులు ఇంకా ఇంకా చేరుతున్న ఊపిరితిత్తికీ, చేరడం ఆగిన ఊపిరితిత్తికీ భవిష్యత్తు ఒకటిగా ఉండదు. కాబట్టి ఆయన దుమ్ము లేని పనికి మారడం అన్నిటికంటే ముఖ్యం, డాక్టరు చేత ఆ మాట కాగితం మీద రాయించుకుని యజమానికి చూపించండి. బీడీ, సిగరెట్ ఉంటే పూర్తిగా మానాలి. సిలికోసిస్, అంటే సిలికా దుమ్ము వల్ల వచ్చే ఈ ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి క్షయ పట్టుకునే అవకాశం ఇతరులకంటే చాలా ఎక్కువ కనుక, దగ్గు పెరిగినా, సాయంత్రం పూట జ్వరం వచ్చినా, బరువు తగ్గినా, కళ్లెలో రక్తపు చార కనిపించినా దుమ్ము జబ్బేలే అని ఊరుకోకుండా వెంటనే కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ పరీక్షా, మందులూ ఉచితమే.

గుడ్డ మాస్కు సన్నని రేణువులను ఆపలేదు. ముఖానికి గట్టిగా అతుక్కునే ఎన్95 రకం మాస్కు కొంత మేలు, గడ్డం పెంచితే దాని అంచుల నుంచి కూడా గాలి లోపలికి వస్తుంది. అసలు రక్షణ మాస్కు కంటే ముందే మొదలు కావాలి. బ్లేడు మీద ఆగకుండా నీళ్లు పడాలి, దుమ్మును పీల్చే యంత్రం ఉండాలి, పొడి చీపురుతో ఊడ్చే బదులు నీళ్లతో కడగాలి. పని ముగిశాక కంప్రెసర్ పైపుతో బట్టల మీది దుమ్మును ఊదుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. అలా ఊదినప్పుడు సరిగ్గా ముఖం ఎదుటే సన్నని దుమ్ము లేస్తుంది కనుక దానిని మానుకోవాలి. ఆ బట్టలు అక్కడే మార్చుకుని రావాలి, లేకపోతే వాటిని దులిపి ఉతికే మీరు కూడా ఆ దుమ్మునే పీలుస్తారు.

మరొక మాట. మన దేశ చట్టం సిలికోసిస్‌ను తప్పనిసరిగా అధికారులకు తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. పని వల్ల వచ్చిన వ్యాధికి నష్టపరిహారం కోరే వీలు కూడా చట్టంలో ఉంది. జీతం చీటీలు, గుర్తింపు కార్డు, పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయకుండా తేదీల వారీగా దాచిపెట్టండి. ఆ యూనిట్‌లో ఈమధ్యే చేరిన కుర్రవాళ్లకు మొదటి మెట్టు ఇంకా అందుబాటులోనే ఉంది. మీ ఆయన నోటి నుంచి విన్న మాట వాళ్ల మీద పనిచేసినట్లు నాలాంటి నర్సు చెప్పే మాట పనిచేయదు.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో ఒక పల్లెలో ఉపాధ్యాయుడిని. మా బడి పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందంటున్నారు. నీళ్లు కాచి తాగమని పిల్లలకు చెబుతున్నాను. ఇది సరిపోతుందా?

జవాబు: సరిపోదు సార్. కాచితే నీళ్లలోని క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతిస్తారు. ముందుగా గ్రామీణ నీటి సరఫరా విభాగం ద్వారా మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. పళ్లు చిగురు లోపల తయారయ్యే చిన్న వయసులోనే ఆ రంగు పడుతుంది కనుక ఎంత తోమినా పోదు. పిల్లలు సరిగ్గా తోముకోవడం లేదని మందలించడం అన్యాయం. అదే నీరు ఏళ్ల తరబడి తాగితే ఎముకలూ, కీళ్లూ బిగుసుకుపోతాయి. ఆ దశకు నయం చేసే మందు లేదు, అందుకే ఇక్కడ మొదటి మెట్టు మీదనే మన బలమంతా పెట్టాలి. నది నుంచో జలాశయం నుంచో వచ్చే కుళాయి నీరు, శుభ్రంగా పట్టిన వాన నీరు, ఆర్.ఓ. నీరు, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ పద్ధతి వంటివి మార్గాలు. తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకుని సంగటి, పప్పు మాత్రం బోరు నీళ్లతోనే వండే ఇళ్లు చాలా ఉన్నాయి. వంటలోకి పోసిన నీరు కూడా కడుపులోకే పోతుందని పిల్లల తల్లులకు తప్పక చెప్పండి.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నాను. మా అత్తకు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. ఆసుపత్రిలో చేయవలసింది అయిపోయిందని ఇంటికి పంపారు. ఆమెను చూసుకునేది నేను ఒక్కదాన్నే. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఆసుపత్రి పని ముగిసిన చోట మూడవ మెట్టు మొదలవుతుంది, దానిని మోసేది ఎక్కువగా మీలాంటి కోడళ్లే. మొదట పుండ్లు పడకుండా చూడాలి. కదలలేని మనిషిని కనీసం రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పండి. దుప్పటి ముడతలు లేకుండా లాగండి, తడిస్తే వెంటనే మార్చండి. స్నానం చేయించేటప్పుడు నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, చెవి వెనుక భాగం చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. తెల్లబడకుండా అలాగే ఉంటే పుండు మొదలవుతోందని అర్థం. చామనచాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు కాబట్టి చుట్టుపక్కల చర్మం కంటే ఆ చోటు వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేతితో తడిమి చూడండి. అక్కడ నూనె పెట్టి గట్టిగా రుద్దితే లోపలి కండ దెబ్బతింటుంది. ఆ వైపు బరువు పడకుండా పడుకోబెట్టి ఎ.ఎన్.ఎం.కు చూపించండి.

అన్నం తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా, బాగున్న ఎడమ వైపు నోట్లో పెట్టండి. తిన్న తరువాత కూడా అరగంట కూర్చోనివ్వండి. కుడి దవడలో మెతుకులు నిలిచిపోయినా ఆమెకు తెలియకపోవచ్చు, వేలికి తడిగుడ్డ చుట్టి తీసేయండి. నీళ్లు తాగితే పొరబోతున్నా, గొంతు గరగరలాడినా బలవంతం చేయకుండా డాక్టరుకు చెప్పండి, ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. లేపేటప్పుడు కుడి చేయి పట్టి లాగవద్దు, పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది. ఆ చేతిని దిండు మీద ఉంచి, భుజం నుంచి వేళ్ల దాకా ప్రతి కీలునూ పూటపూటా నెమ్మదిగా కదిలించండి. ఫిజియోథెరపీ ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. ఎడమ చేతితో ఆమె దువ్వుకోగలిగితే దువ్వుకోనివ్వండి, ఆలస్యమైనా పరవాలేదు. మీరు రాత్రంతా మేలుకోకుండా ఇంట్లో మగవాళ్లకు కూడా తిప్పే వంతు వేయండి, ఈ పనికి ఆడా మగా తేడా లేదు.

రెండవసారి పక్షవాతం రాకుండా బి.పి. మాత్రలు, డాక్టరు రాసిన ఇతర మందులు ఒక్క పూట కూడా తప్పనివ్వవద్దు. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, మాట తడబడినా, బాగున్న చేయి కూడా పైకి లేవకపోయినా తగ్గుతుందేమో అని చూడకుండా 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు, పైగా అది అందరికీ పనికిరాదు. కాబట్టి ఆమె చివరిసారి బాగా ఉన్నది ఏ సమయమో ఒక కాగితం మీద రాసి, వాడుతున్న మాత్రల అట్టలతో కలిపి వెంట తీసుకువెళ్లండి.